అమెరికా నికెల్ తర్వాత, ముందు మన అణా: నాణేలు పోగేసేవాళ్లకు కొన్ని ఎదురు సలహాలు

నాణేలు పోగేసేవాళ్లకు చెప్పే సలహాలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. అరుదైనది కొను, మెరిసేది కొను, వేలు తగలనివ్వకు, సెట్టు పూర్తి చెయ్యి, ధర పెరిగాక అమ్ము. నేను చెప్పబోయేవి దాదాపు వీటన్నిటికీ ఎదురు. ఈ రంగంలో తలపండినవాళ్లు కొందరు ఇవి తప్పుడు సలహాలని నా ముఖం మీదే అన్నారు. అయినా నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఉండి కొత్తగా ఈ పనిలోకి దిగే మనిషికి ఇవే పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. పల్నాడులో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల జేబుల్లో, పర్సుల్లో అయిదు సెంట్ల బిళ్లలు వస్తాయి. ఇక్కడ ఫోన్లలో 'దున్నపోతు బొమ్మ నాణెం ఉంటే కోటీశ్వరులే' అని వీడియోలు తిరుగుతున్నాయి. రెండూ కలిసి ఇంటింటా ఒక ఆశ పుట్టించాయి. ఆ ఆశలో కొంత నిజముంది, చాలా అబద్ధముంది.

అమెరికా నికెల్ కోసం పరుగెత్తకండి

అక్కడ అయిదు సెంట్ల నాణేన్నే నికెల్ అంటారు. పేరు నికెల్ గాని అందులో మూడు వంతులు రాగి, ఒక్క వంతే నికెల్. బరువు 5 గ్రాములు. 1883 నుంచి 1912 దాకా వచ్చినదాని మీద ఒకవైపు స్వేచ్ఛాదేవి తల, రెండోవైపు రోమన్ అంకె 'వి' ఉంటాయి. 1913లో జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ అనే శిల్పి కొత్త నమూనా చేశాడు. ఒకవైపు ఆదివాసీ ముఖం, ఇంకోవైపు అడవిదున్న. 1938 దాకా అదే నడిచింది. దాన్నే బఫెలో నికెల్ అంటారు.

వీటిలో నిజంగా కొరతగా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 1912 చివర్లో కొట్టిన 'వి' నికెళ్లు 2,38,000. అదే టంకశాల 1926లో కొట్టిన బఫెలోలు 9,70,000. బఫెలోల మొత్తంలో పది లక్షలకు తక్కువ కొట్టింది ఆ ఒక్కటే. 1937లో డెన్వర్‌లో అచ్చును అతిగా సానపట్టడంతో దున్న ముందుకాలు ఒకటి చెరిగిపోయి మూడుకాళ్ల దున్న బయటికొచ్చింది. ఇక 1913 తేదీతో ఉన్న స్వేచ్ఛాదేవి నికెళ్లు లోకం మొత్తం మీద అయిదు. అయిదే. ఆరోది ఎవరింట్లోనైనా ఉందంటే అది 1903దో 1910దో 1912దో అంకె మార్చి చేసింది.

మూడుకాళ్ల దున్నను కూడా అలాగే చేస్తారు. మామూలు నాణెం తీసుకుని నాలుగో కాలును అరగదీస్తారు. అసలైనదానికి దున్న కడుపు కింద సన్నని చుక్కల వరస ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అరగదీసినదానికి ఉండదు. ఇది తెలియని మనిషి లక్షలు పెట్టి నకిలీ కొంటాడు, తెలిసిన మనిషికి అసలు కొనే స్తోమత ఉండదు. అందుకే అంటున్నాను, మన ఊళ్లో కూర్చుని ఈ ఆటలో మొదటి అడుగు అక్కడ వేయకండి. పిల్లలు తెచ్చిన మామూలు బఫెలో ఒకటో రెండో ఉంటే సంతోషంగా దాచుకోండి. వాటికోసం ప్రత్యేకంగా డబ్బు పంపకండి.

ముందు ఇంట్లో ఉన్న అణా తీయండి

ఎడ్వర్డ్ రాజు కాలంలో, 1907లో, మన దేశంలో మొదటి నికెల్ నాణెం వచ్చింది. అదే అణా. అంచు గుండ్రంగా కాక పన్నెండు వంకరలతో ఉంటుంది. చీకట్లో జేబులో చెయ్యి పెట్టినా రెండణాల వెండి బేడకూ దీనికీ తేడా వేళ్లకే తెలుస్తుంది. బరువు 3.9 గ్రాములకు కొంచెం తక్కువ. లోహం ఏమిటంటారా? మూడు వంతులు రాగి, ఒక వంతు నికెల్. అమెరికా నికెల్‌లో ఉన్న పాళ్లే, అచ్చంగా.

దాన్ని వెనక్కి తిప్పి భూతద్దంతో చూడండి. మధ్యలో పెద్ద ఒకటి అంకె. దాని చుట్టూ నాలుగు లిపుల్లో విలువ రాసి ఉంటుంది. ఉర్దూ, నాగరి, బెంగాలీ, నాలుగోది తెలుగు. ఆ రోజుల వెండి రూపాయి మీద తెలుగు లేదు, విలువలో కింద ఉన్న కానీ మీదా లేదు. సంతలో కూలి మనిషి చేతిలో తిరిగే నికెల్ అణా మీద ఉంది. అక్షరాలు చిన్నవి, అరిగినదాని మీద తలకట్టు ముందు పోతుంది, గుండ్రని భాగాలు చివరిదాకా నిలుస్తాయి. 1950లో గణతంత్రపు అణా వచ్చి రాజు తల స్థానంలో అశోక స్తంభం, వెనకవైపు ఎద్దు చేరాయి. ఆ మార్పులో తెలుగు పోయింది. తెలుగు చదవగలిగిన మనిషికి 1907 నుంచి 1947 దాకా ఉన్న అణాల వరస కన్నా సొంతమైన సేకరణ ఇంకోటి ఉండదని నా అభిప్రాయం. ఇది అందుబాటు ధరలో ఉంది, ఇంటి పాత పెట్టెల్లో ఉంది, మనకి చదవడం వచ్చు. ఇంతకన్నా ఏం కావాలి?

నాణెం ధర కన్నా ముందు దాని ఏడు కనుక్కోండి

దుకాణాల్లో బేరం మొదలయ్యేది ధరతో. నేను ఏడుతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఏడు తెలిస్తే నాణెం మాట్లాడుతుంది.

బేడ సంగతి తీసుకోండి. రెండణాల నాణెం 1917 దాకా చిన్న వెండి బిళ్ల. 1918 నుంచి నికెల్‌లో, మూలలు గుండ్రంగా తిప్పిన నలుచదరపు బిళ్లగా వచ్చింది. మరుసటి ఏడు పావలా ఎనిమిది పలకలతో, ఎనిమిదణాలు గుండ్రంగా, రెండూ నికెల్‌లోనే వచ్చాయి. ఎందుకు మారాయి? మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. యుద్ధానికి సరుకులు కొన్నందుకు ఇంగ్లండు ఇక్కడ రూపాయలు చెల్లించాలి, రూపాయలు కొట్టడానికి వెండి లేదు. 1917 చివర్లో ఒక రూపాయి నోటు, 1918లో రెండున్నర రూపాయల నోటు దించారు. జనం కాగితాన్ని నమ్మక వెండి రూపాయలను దాచేశారు. అప్పుడు అమెరికా కాంగ్రెస్ 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లు 27 కోట్లు కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి ఇండియా రూపాయల కోసం బ్రిటన్‌కు అమ్మింది. మన తాతముత్తాతలు మట్టి కుండల్లో దాచిన జార్జి రూపాయల్లో కొన్ని అమెరికా డాలర్లు కరిగి వచ్చినవే. పిల్లల చదువుల కన్నా ఎంతో ముందే అమెరికాకూ మనకూ ఈ డబ్బు సంబంధం ఉంది.

నికెల్ ఎనిమిదణాలు మాత్రం నిలవలేదు. దాని మీద 1919, 1920 తేదీలే కనిపిస్తాయి. వెండి లేని బిళ్లకు అర్ధ రూపాయి విలువ ఇవ్వడంతో దొంగ నాణేలవాళ్లకు పండగైంది, కొన్నేళ్లకే సర్కారు దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు నికెల్ నాణేల్లో వెతికి పట్టుకోవలసింది అదే. ఇంట్లో గుండ్రని, తెల్లని, రూపాయికన్నా చిన్న నాణెం మీద ఎనిమిది అంకె కనిపిస్తే దాన్ని పావలాలతో కలిపి ఎవరికీ ఇచ్చేయకండి.

పల్నాటి మనిషికి ఆ ఏళ్లు ఇంకో విధంగానూ గుర్తు. 1921లో ఇక్కడ అడవి సత్యాగ్రహం నడిచింది. పశువులను అడవిలో మేపినందుకు పుల్లరి కట్టమంటే జనం కట్టలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు. ఆనాడు పల్నాటి రైతు ఇంట్లో ఉన్న చిల్లర ఈ నికెల్ అణాలూ బేడలే. పుల్లరికి కట్టకుండా మిగిలిన అణా ఏదో చెప్పలేం గాని, 1920 నాటి అణాను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ ఊళ్లు గుర్తుకు రావాలి. 1926 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో నికెల్ చేతికొస్తే మనకి గుర్తొచ్చేది దాని ధర ఒక్కటే.

కృష్ణ అవతల నల్లగొండ నిజాం రాజ్యం. అక్కడిది హాలీ సిక్కా, వేరే డబ్బు. నిజాం సర్కారు కూడా హిజ్రీ 1338 నుంచి, అంటే మన లెక్కలో 1919-20 నుంచి, నికెల్ అణా కొట్టింది. మొదట గుండ్రంగా, తర్వాత నలుచదరంగా. మాచర్ల, గురజాల వైపు పాత చిల్లర డబ్బాల్లో ఉర్దూ అక్షరాల బిళ్ల కనిపిస్తే చెల్లని రేకని పక్కన పారేయకండి. ఒడ్డుకీ ఒడ్డుకీ డబ్బు ఎలా మారేదో చెప్పే సాక్ష్యం అది.

మెరిసే నాణెం కొనకండి

ఈ మాటకే నామీద ఎక్కువ గొడవ. అరిగినదాని కన్నా అచ్చు చెదరని నాణేనికి ధర ఎక్కువన్నది నిజమే, నేను కాదనను. కానీ వందేళ్లు చేతులు మారిన అణా తళతళలాడుతూ ఎదురొస్తే దాన్ని ఎవరో తోమారన్నమాట. చింతపండు, నిమ్మకాయ, ముగ్గుపిండి, పళ్లపేస్టు, ఇత్తడి సామాను తోమే పొడి, ఇవన్నీ గిన్నెలకు మంచివే. నాణేనికి అవి చావు. పుల్లని రసం లోహాన్ని తినేస్తుంది, పొడి సన్నని గీతలు పెడుతుంది. ఆ గీతలు భూతద్దం కింద ఒకే దిక్కుకు వాలి గడ్డిమేటు మీద పలుగు లాగినట్టు కనిపిస్తాయి. అలా తోమిన నాణేన్ని మళ్లీ వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

అందుకని మసకగా, బూడిదరంగులో, గీతల్లో మురికి ఇరుక్కున్న అణానే తీసుకోండి. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, రుద్దకుండా, మెత్తని గుడ్డ మీద ఆరబెట్టండి. జిడ్డు ఉంటే కల్తీ లేని అసిటోన్‌లో ముంచి తీయవచ్చు, గోళ్ల రంగు తీసే సీసా ద్రవంతో కాదు, మంటకు దూరంగా. అంతకుమించి ఏమీ చేయకండి.

అమెరికాలో బఫెలో నికెల్‌కు ఇలాంటి పీడే ఇంకోటి పట్టింది. ఫ్రేజర్ తేదీని ఆదివాసీ భుజం మీద, నాణెంలో ఎత్తైన చోట పెట్టాడు. చేతులు మారేకొద్దీ అదే ముందు అరిగిపోయింది. తేదీ లేని బఫెలోలు లక్షల్లో మిగిలాయి. వాటి మీద ఆమ్లం చుక్క వేస్తే అరిగిన చోట అంకె నీడలా పైకి తేలుతుంది. దానికోసమే అక్కడ సీసాలు అమ్ముతారు. అంకె తేలుతుంది గాని ఆ చోటంతా కాలిన మచ్చ మిగులుతుంది, నాణెం విలువా పోతుంది. పిల్లలు తెచ్చిన బఫెలో మీద తేదీ లేకపోతే లేనట్టే ఉండనివ్వండి.

ముట్టుకోండి, పిల్లల చేతికి ఇవ్వండి

చేతి తొడుగులు వేసుకుని అంచులు పట్టుకుని చూడాలంటారు. వెండి ప్రూఫు నాణేలకు, బాగా ఖరీదైనవాటికి అది న్యాయమే. కానీ 1930లలో వాడి వాడి అరిగిన అణాలు నాలుగు ఇంట్లో ఉంటే, వాటిని పిల్లల చేతుల్లో పెట్టండి. చేతులు కడిగి, తుడిచి, తర్వాత ముట్టుకోమనండి. పన్నెండు వంకరల అంచును వేలితో లెక్కపెట్టనివ్వండి. పదహారణాలు కలిస్తే రూపాయి అని, అణాకు నాలుగు కానులు, కానీకి మూడు దమ్మిడీలు అని, 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చాక ఈ లెక్కంతా మారిందని చెప్పండి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని లెక్క వేళ్లకు ఎక్కుతుంది. అద్దం పెట్టెలో మూసిన నాణేల మీద పిల్లలకు అభిమానం పుట్టదు. అభిమానం లేని ఇంట్లో తాత పోయిన మరునాడే ఆ పెట్టె తూకానికి పోతుంది. ముట్టుకుంటే అణా మీద నాలుగు మచ్చలు పడతాయి. పడనివ్వండి.

చిల్లు పడినవాటిని వదలకండి

చిల్లు పడిన నాణెం పనికిరాదని సేకరణ పుస్తకాలు చెబుతాయి. పల్నాటిలో మాత్రం చిల్లే నాణేనికి చరిత్ర. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు లంబాడీ తండాల్లో పెద్దవాళ్ల రవికలకూ, ఓణీలకూ, మెడ దండలకూ పాత నాణేలు కుట్టి ఉండేవి. ఊళ్లో పిల్లల మొలతాళ్లకు 1943 తర్వాత వచ్చిన చిల్లు కానీ కట్టేవాళ్లు. ఆ కానీకి చిల్లు టంకశాలే పెట్టింది, యుద్ధంలో రాగి ఆదా కోసం. మిగతావాటికి చిల్లు పెట్టింది మన కంసాలి.

ఇలాంటివి ఎక్కడైనా విడిగా అమ్మకానికొస్తే వదలకండి, కొనండి. కానీ ఎవరి బట్టల మీద నుంచో ఊడదీయించి కొనవద్దు. కుట్టిన చోట ఉంటేనే దానికి అర్థం. కొనలేకపోతే ఫోటో తీసి, ఎవరిది, ఏ తండా, ఎవరు కుట్టారు అని రాసుకోండి. అదీ సేకరణే.

నకిలీ అని తేల్చినా పారేయకండి

1913 నికెళ్లు అయిదు ఉన్నాయన్నాను కదా. వాటిలో ఒకదాన్ని వాల్టన్ నాణెం అంటారు. దాని యజమాని జార్జి వాల్టన్ 1962లో నార్త్ కరోలినాలో కారు ప్రమాదంలో పోయాడు. కారు శిథిలాల్లో నాణెం దొరికింది. అమ్మకానికి పంపిస్తే తేదీ మార్చిన నకిలీ అని తిప్పి పంపారు. కుటుంబం దాన్ని పారేయలేదు. ఆయన సోదరి ఇంట్లో ఒక అలమరలో నలభై ఏళ్లకు పైగా ఒక కవరులో పడి ఉంది. 2003లో బాల్టిమోర్‌లో జరిగిన నాణేల ప్రదర్శనకు తీసుకెళ్లి మిగతా నాలుగింటితో పక్కన పెట్టి చూపించారు. ఆరుగురు నిపుణులు రాత్రి కూర్చుని పరిశీలించి అసలైనదేనని తేల్చారు. 2013లో అది 31 లక్షల 72 వేల 500 డాలర్లకు అమ్ముడైంది.

ఈ కథ చెబితే నిపుణులను నమ్మవద్దనుకుంటారేమో, నా ఉద్దేశం అది కాదు. పక్కన అసలు నాణెం లేకుండా ఒక్కరు చెప్పిన మాట ఆఖరి మాట కాదు. వాల్టన్ నాణెం నకిలీ అన్నవాళ్ల ముందు పోల్చడానికి మిగతావి లేవు. ఇంట్లో ఉన్నది నకిలీ అంటే దాచుకోండి, పైసా ఖర్చు లేదు. కొనబోయేది నకిలీ అంటే కొనకండి. ఆ రెండిటికీ నియమం వేరు.

అదే కథలో ఇంకో సంగతి కూడా ఉంది. 1930లలో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో బి. మ్యాక్స్ మెల్ అనే వ్యాపారి, 1913 స్వేచ్ఛాదేవి నికెల్ తెచ్చినవాళ్లకు 50 డాలర్లు ఇస్తానని ఊరూరా ప్రకటనలు వేశాడు. అమెరికా అంతా చిల్లర వెతికింది. అప్పటికి ఆ అయిదూ కర్నల్ గ్రీన్ అనే ఒక్క ధనవంతుడి దగ్గరే ఉన్నాయి, ఎవరి చిల్లరలోనూ దొరికే అవకాశమే లేదు. కానీ ఆ ప్రకటనతో మెల్ నాణేల పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. ఇవాళ మన ఫోన్లకొచ్చే వీడియోలకు తాత ఆ ప్రకటనే.

నాణెం కొనే ముందు కాటా కొనండి

మనవాళ్లకు నాణేన్ని రాయి మీద వేసి మోత వినడం అలవాటు. వెండికి ఆ పరీక్ష చెల్లింది, నికెల్‌కు చెల్లదు. పైగా పల్నాటి ఇళ్లలో కింద నాపరాయి. అణాను నిలువుగా దాని మీద వేస్తే వంకర అంచు ఒక మూల నొక్కుకుపోతుంది, ఆ నొక్కు ఇక పోదు. గ్రాములో వందోవంతు చూపే చిన్న కాటా, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, ఒక అయస్కాంతం. ఈ మూడూ కొన్నాకే నాణేల మీద డబ్బు పెట్టండి.

అయస్కాంతం మీద ఒక మాట. రాగి కలిసిన నికెల్ అణా, అమెరికా నికెల్ రెండూ అయస్కాంతానికి అంటవు. అంటితే నకిలీ. అయితే 1946, 1947ల నాటి పులిబొమ్మ పావలా, అర్ధ రూపాయి, 1947 రూపాయి స్వచ్ఛమైన నికెల్. అవి అంటుకోవాలి. అంటకపోతేనే అనుమానించాలి. 1942 నుంచి 1945 దాకా అణాలు పసుపురంగులో ఉంటాయి, నికెల్ ఇత్తడివి. యుద్ధానికి నికెల్ కావాలని చేసిన మార్పు అది. పసుపుగా ఉందని బంగారం పూతనుకునేవాళ్లను చూశాను.

భద్రపరచడానికి మెత్తని ప్లాస్టిక్ ఆల్బం వద్దు. అందులోని పీవీసీ నుంచి కారే రసం రాగి ఉన్న నాణేల మీద పచ్చని జిగురు పేరుస్తుంది. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ప్లాస్టిక్ వేసవిలో ఎంత త్వరగా చెడుతుందో చెప్పక్కర్లేదు. మైలార్ కవర్లు, లేదా కాగితపు కవర్లు ఆమ్లం లేనివి వాడండి.

సెట్టు పూర్తి చేయాలని పట్టుబట్టకండి

అణాలకు కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ ఉన్నాయి. చాలావరకు బొంబాయిదైతే చిన్న చుక్క ఉంటుంది, కలకత్తాదైతే గుర్తు ఉండదు. ఏడుకొకటి, టంకశాలకొకటి అని కూడబెట్టడం మొదలుపెడితే ఆఖరున ఒకటి రెండు దొరకవు. ఆ ఒక్కదాని కోసం మిగతా అన్నిటికీ పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ పెట్టిస్తారు. ఆ చోటే నకిలీలు అమ్ముడుపోయేది. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచండి. ఆ గడి కింద ఏడు రాసి వదిలేయండి.

రూపాయిల్లోనూ ఇదే సంగతి. 1911 జార్జి రూపాయిలో రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గోల లేచింది. 94 లక్షల దాకా కొట్టినవాటిలో దాదాపు 7 లక్షలే బయటికొచ్చాయి, మిగతావి కరిగించారు. 1912లో ఏనుగును సరిదిద్దారు. ఆ 'పంది రూపాయి' కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి. 1912 రూపాయిని 1911 రూపాయి ఫోటో పక్కన పెట్టుకుని ఏనుగు తొండాన్ని చూడండి. తెలుసుకోవలసినదంతా తెలుస్తుంది.

ధర అడగకండి

'బాబాయ్, దీనికి ఎంతొస్తుంది?' అని ఫోటో పంపేవాళ్లు ఎందరో. నా జవాబు ఎప్పుడూ ఒకటే: 'నాన్నా, ముందు దీని మీద ఏం రాసుందో చదివి చెప్పు.' చదివితే సగం ఆశ తీరుతుంది, సగం ఆసక్తి పుడుతుంది.

ధర అడిగే మనిషినే మోసగాడు వెతుక్కుంటాడు. పాత నాణెం కొంటామని, ముందు పన్ను కట్టమని, కమీషన్ కట్టమని, రిజర్వు బ్యాంకు పేరు చెప్పి డబ్బు లాగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. బ్యాంకు అలాంటి కొనుగోళ్లు చేయదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. 'రైస్ పుల్లింగ్' నాణెం అని, బియ్యం గింజలను లాగుతుందని కోట్లు చెప్పేది మరో దందా. 1818 తేదీతో రాముడి దర్బారు బొమ్మ ఉన్న ఈస్టిండియా కంపెనీ అరణా అని ఇంకోటి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు, అవి గుడి బిళ్లల నమూనాలో తర్వాత ఎవరో చేసినవి. పత్తి దెబ్బతిని, మిర్చి ధర పడిపోయిన ఏడు పల్నాటిలో ఇలాంటి ఫోన్లకు చెవి ఒగ్గేవాళ్లు ఉంటారు. వాళ్లకు దగ్గరివాళ్లే అడ్డం పడాలి.

నాణెం విలువ ధరలో లేదనడానికి ఇంకా దూరం పోనక్కర్లేదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన చిన్న నాణేల మీద పి.వి. పరబ్రహ్మశాస్త్రి శాతవాహన మూలపురుషుడు ఛిముకుడి పేరు చదివారు. కోట్ల బంగారం చెప్పలేని చరిత్ర ఆ చిన్న బిళ్లలు చెప్పాయి. మన నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల సీసపు నాణేలు దొరికాయి, రోమ్ చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం కూడా దొరికింది. అందరూ బంగారాన్ని చూసి ఆగుతారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బజారులో కూరగాయలు కొన్నది సీసంతో.

అమెరికాకు పంపకండి

ఇది సలహా కాదు, చట్టం. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. అంటే 1907 నాటి అణా, 1919 నాటి ఎనిమిదణాలు టెక్సాస్‌లో ఉన్న మనవడికి పెట్టెలో పెట్టి పంపడం నేరం. తాత ప్రేమతో ఇచ్చినా సరే. పొలం దున్నుతుంటే భూమిలో నాణేలు బయటపడితే, వాటి విలువ పది రూపాయలు దాటితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. పల్నాటి పొలాల్లో ఇది తరచూ అక్కరకొచ్చే విషయం. తెలపకుండా కరిగించిన ప్రతి ముంత మన చరిత్రలో ఒక పేజీని చింపేసినట్టే.

మనవడు ఇక్కడికి వచ్చినప్పుడు చూపించండి. అతను అక్కడి నుంచి బఫెలో తెస్తే మీ అణా పక్కన పెట్టి ఇద్దరూ చూడండి. ఒకే లోహం, రెండు ఖండాలు, వేరు వేరు ముద్రలు.

చివరిగా అడిగేది ఒకటే. ఇంట్లో పాత నికెల్ అణా గాని, బేడ గాని, నిజాం అణా గాని ఉంటే, దానితో పాటు కవరులో ఒక చీటీ పెట్టండి. ఏ ఊళ్లో, ఎవరి పెట్టెలోంచి, ఏ సంవత్సరం మీ చేతికి వచ్చిందో మీ చేతిరాతతో రాయండి. నాణెం ఎవరైనా కొనగలరు, ఆ చీటీ మీరు తప్ప ఎవరూ రాయలేరు.